తెలిసిన కథా, తెలియని మలుపా? ముందు పోస్టర్‌లో పెద్దాయన్ని చూడండి

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. రేపు ఏ సినిమాకు పోవాలి? మేముండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర. టికెట్ల యాప్ తెరిస్తే చాలు, తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం, హిందీ, ఇంగ్లిష్ సినిమాలన్నీ ఒకే మల్టీప్లెక్సులో వరుస కట్టి కనిపిస్తాయి. పలమనేరులో ఉండే మా తమ్ముడికి ఈ కష్టం లేదు. ఊళ్లో ఏది ఆడితే అది చూస్తాడు. బాగుంటే బాగుందంటాడు, లేకపోతే తిట్టుకుంటూ ఇంటికొచ్చి పడుకుంటాడు. మాకు అట్లా కాదు. టికెట్లు, పార్కింగ్, పాప్‌కార్న్, అవుటర్ రింగ్ రోడ్డు మీద పోను గంట, రాను గంట. ఇంత చేసి వెళ్లాక సినిమా బాగాలేకపోతే ఆ కోపం సోమవారం దాకా పోదు.

మా అమ్మాయికి మలుపులు కావాలి. ఇంటర్వెల్‌కే చివర ఏమవుతుందో తెలిసిపోతే సగం డబ్బులు వాపసు ఇవ్వాలంటుంది. మా ఆవిడ దానికి పూర్తిగా ఎదురు. వారమంతా ఆఫీసులో పడే టెన్షన్ చాలు, శనివారం కూడా ఎవరు ఎవర్ని చంపారో కనిపెట్టే పని నాకు పెట్టొద్దంటుంది. ఇక మా నాయన. రిటైరైన టీచరు. నెలకోసారి పలమనేరులో బస్సెక్కి వస్తాడు. ఏ సినిమా అయినా కాదనడు గానీ, మొదటి అరగంటలోనే నా చెవి దగ్గరికి వంగి, "వాడే చంపింటాడు చూడు" అంటాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు వాడే చంపి ఉంటాడు.

"ఎట్లా కనిపెట్టినావు నాయనా?" అని ఒకసారి అడిగాను.

"కథ ఎవరు చూసినార్రా, నేను మనుషుల్ని చూసినా. అంత పెద్ద నటుడు. సగం సినిమా అయిపోయినా సోఫాలో కూర్చోని కాఫీ తాగేది తప్ప ఏం చేయలేదు. ఉత్తగా కాఫీ తాగేదానికి పిలిపించి డబ్బులిస్తారా ఎవరైనా?"

ఆ మాటతో నేను సినిమా ఎంచుకునే తీరే మారిపోయింది. అంతకుముందు ఇది మామూలు కథా, మలుపుల కథా అని రివ్యూలు వెతికేవాణ్ణి. ఇప్పుడు పోస్టర్ మీద యాభై దాటిన మొహాలు ఎవరివో చూస్తాను. వాళ్లు ఎప్పుడూ వేసే వేషమే వేస్తున్నారా, కొత్తదేదైనా పట్టుకున్నారా అన్నది తెలిస్తే, ఆ సినిమా మాకు పనికొస్తుందో లేదో సగం తేలిపోతుంది.

తెలిసిన కథను చులకన చేయకండి

మా వైపు పల్లెల్లో ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఒకరోజు అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే పొడవాటి స్తంభం ఎక్కుతాడు. ఆఖరున దుర్యోధన వధ. మట్టితో కొండంత దుర్యోధనుణ్ణి చేసి నేల మీద పడుకోబెడతారు. భీముడి వేషం కట్టినవాడు గద పట్టుకుని దుర్యోధనుడి వేషగాణ్ణి ఆ బొమ్మ చుట్టూ తరుముతాడు. దుర్యోధనుడు చస్తాడని ఊళ్లో పాలు తాగే పిల్లకాయకు కూడా తెలుసు. అయినా చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. ఈ ఏడు భీముడు ఎవరంట, పోయినేడు వేసినవాడంత బాగా తొడ కొడతాడా, దుర్యోధనుడి వేషగాడు ఎంతసేపు దొరక్కుండా తిరుగుతాడు, జనం చూసేది ఇదంతా.

కాబట్టి "చివర ఏమవుతుందో ముందే తెలిసిపోయింది" అని ఎవరైనా సినిమాను కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. 1957లో వచ్చిన మాయాబజార్ చూసినవాళ్లలో శశిరేఖకు పెళ్లి ఎవరితో అవుతుందో తెలియక టెన్షన్ పడ్డవాళ్లు ఎంతమంది ఉంటారు? చూసింది ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావు నడకను, ఆ మాట విరుపును.

ఇలాంటి సినిమాలకు అలవాటైన మొహాలు పెద్ద ఆస్తి. సూర్యకాంతం గడప దాటి లోపలికి అడుగుపెడితే ఆ ఇంట్లో కోడలి పరిస్థితి ఏమిటో ఒక్క డైలాగు లేకుండా అర్థమైపోతుంది. రచయితకు నాలుగు సీన్ల పని మిగులుతుంది. 1962లో వచ్చిన గుండమ్మ కథలో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నారు, సావిత్రి, జమున ఉన్నారు, అయినా సినిమాకు పెట్టిన పేరు సూర్యకాంతం వేసిన పాత్రది. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. ఒకే రకం పాత్రలో కుదురుకుపోవడం ఎప్పుడూ శిక్షే అనుకోవడానికి లేదు, కొందరికి అది సింహాసనం కూడా.

మరి తెలిసిన దారి ఎప్పుడు చేదెక్కుతుంది? వేషం వేసేవాళ్లకే విసుగు పుట్టినప్పుడు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. వరసగా ఫ్యాక్షన్ కథలు ఆడాయి. మొదటివాటిలో ఒక ఊపు ఉంది. వాటిని చూసి తీసిన తర్వాతివాటిలో సుమోలు మిగిలాయి గానీ ఊపు మిగల్లేదు. (ఆ సినిమాల పుణ్యమా అని బెంగళూరు ఆఫీసులో మా సీమవాళ్లం ఇప్పటికీ "మీ ఇంట్లో బాంబులుంటాయా" అనే ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాం. పలమనేరులో దొరికేవి టమోటాలు, మామిడికాయలు అంటే నమ్మరు.)

తెలిసిన దారి సినిమాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. అందులో తండ్రో, తాతో, మేనమామో వేసే పెద్ద నటుడికి తనదంటూ ఒక కష్టం ఉందా? అప్పో, పంతమో, దాచుకున్న తప్పో, ఏదో ఒకటి. లేక హీరో పెళ్లికి కళ్లు తుడుచుకోవడానికి, ఫ్లాష్‌బ్యాక్‌లో చచ్చిపోవడానికి మాత్రమే పిలిచారా? ఇది ట్రైలర్‌లోనే పసిగట్టొచ్చు. పెద్దాయన మాట్లాడిన రెండు ముక్కల్లో ఒకటైనా తన గురించి ఉంటే టికెట్ తీస్తాను. రెండూ హీరోను పొగిడేవే అయితే ఓటీటీకి వచ్చేదాకా ఆగుతాను. తెలుగు సినిమాలు చాలావరకు నెల తిరిగేలోపే అక్కడికి వచ్చేస్తున్నాయి, అంత తొందరేం లేదు.

ఈ పరీక్ష పెట్టుకోక ముందు ఒక పండగకి దెబ్బ తిన్నాను. నలుగురికి టికెట్లు, తినుబండారాలు కలిపి రెండు వేలు దాటింది. నేను వెళ్లిందే అందులో ఉన్న ఒక పాతతరం నటుడి కోసం. ఆయన మూడు సీన్లలో కనిపించి మూడుసార్లు ఆశీర్వదించారు. నాలుగో సీన్ ఫొటోకు దండ. కర్ణాటకలో టికెట్ ధర 200 రూపాయలు దాటకూడదని 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు తెస్తే సంబరపడ్డాను గానీ, అదే నెలలో హైకోర్టు స్టే ఇచ్చింది. మన జాగ్రత్త మనమే చూసుకోవాలి.

మలుపుల సినిమాకు మొహాలే శత్రువులు

మా అమ్మాయి పార్టీకి వద్దాం. మలుపు మీద ఆధారపడ్డ సినిమాకు తెలుగులో ఒక తిప్పలుంది. కథను ఎంత దాచినా తారాగణం దాన్ని బయటపెట్టేస్తుంది. మా నాయన కాఫీ సిద్ధాంతం అదే. పేరున్న నటుడికి చిన్న పాత్ర ఇచ్చి, అతను మెత్తగా మాట్లాడుతూ ఒక మూల కూర్చున్నాడంటే అనుమానం వస్తుంది. ఎప్పుడూ విలన్ వేసేవాడు మొదటి సీన్ నుంచీ అరుస్తుంటే అతను నిర్దోషి అని తేలిపోతుంది. దర్శకుడు రెండేళ్లు కూర్చుని రాసుకున్న చిక్కుముడిని మనం టైటిల్స్ పడేటప్పుడే విప్పేస్తాం.

దీన్ని తప్పించుకోవడానికి కొందరు తెలివైన దారి పట్టారు. 2003లో చంద్రశేఖర్ యేలేటి తీసిన 'ఐతే' సినిమాలో కుర్రాళ్లంతా అప్పటికి కొత్తవాళ్లు. మాఫియా డాన్‌గా వేసిన పవన్ మల్హోత్రా హిందీ నటుడు, తెలుగువాళ్లకు అంతగా తెలియని మొహం. ఎవరు ఏ గడిలో ఉండాలో మనకు ముందే తెలియదు కాబట్టి ఎవరినైనా నమ్మొచ్చు, ఎవరినైనా అనుమానించొచ్చు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో తెర మీద కనిపించేవాళ్లలో చాలామంది ఆ ఊరి జనమే. అది నేరం, దర్యాప్తు ఉన్న సినిమా కాదు, అయినా చివరికొచ్చేసరికి నేను సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాను. తెలిసిన నటులు ఉండి ఉంటే ఆ ముగింపు అంత నిశ్శబ్దంగా వచ్చి తగిలేది కాదు.

ఇక్కడే బెంగళూరులో ఉన్నందుకు మనకు ఒక లాభం ఉంది. దాన్ని మనవాళ్లు సరిగ్గా వాడుకోవడం లేదనిపిస్తుంది. థ్రిల్లర్ చూడాలనుంటే కన్నడంలోనో మలయాళంలోనో, అదీ డబ్బింగ్ కాకుండా అసలు భాషలో సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఆ భాషలో ఎవరు ఎప్పుడూ పోలీసు, ఎవరు ఎప్పుడూ దొంగ, ఎవరు చెల్లెలి పెళ్లి చేసే అన్న, ఇవేవీ మనకు తెలియవు. తెరంతా కొత్త మొహాలే. మా నాయన కాఫీ సిద్ధాంతం పనిచేయని ఒకే ఒక్క చోటు అది. మొన్న ఒక మలయాళం సినిమాలో ఆయన ముగ్గురిని అనుమానించి, ముగ్గురి విషయంలోనూ తప్పాడు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

దీనికి ఉల్టా కూడా మా ఇంట్లోనే జరిగింది. పక్క ఫ్లాట్ కన్నడ ఆంటీ ఒకరోజు మా టీవీలో 2010 నాటి తెలుగు సినిమా 'ప్రస్థానం' చూడ్డానికి కూర్చున్నారు. సాయికుమార్ కనిపించగానే ఆమె నిశ్చింతగా వెనక్కి వాలారు. ఆమె లెక్కలో ఆయన నిజాయితీ గల పోలీసు ఆఫీసరు. 1996లో వచ్చిన కన్నడ 'పోలీస్ స్టోరీ' తర్వాత ఇక్కడ ఆయనకు ఆ ఖాకీ ఒంటికి అంటుకుపోయింది. మనకేమో ఆయన చాలాకాలం రాజశేఖర్‌కు, సుమన్‌కు గొంతు ఇచ్చిన మనిషి. సినిమా ముగిసేసరికి ఆంటీకి తగిలిన దెబ్బ మాకు అంతగా తగల్లేదు. ఆయన తమ్ముడు రవిశంకర్‌ది ఇంకా విచిత్రం. 2009లో అరుంధతి విలన్‌కు గొంతు ఇచ్చి మన ఇళ్లలో పిల్లల్ని జడిపించింది ఆయనే, కానీ ఆయన మొహం మనలో చాలామందికి తెలియదు. 2011లో కన్నడ 'కెంపేగౌడ'లో ఆర్ముగం వేషం వేశాక ఇక్కడివాళ్లకు ఆ మొహం బాగా తెలుసు, గొంతు వెనకున్న తెలుగు కథ తెలియదు. ఒకే మనిషి, ఒక రాష్ట్రంలో గొంతు, ఇంకో రాష్ట్రంలో మొహం.

ఈ ఊళ్లో నష్టం కూడా ఉంది, అదీ చెప్పాలి. మలుపు ఒక భాషలో పుట్టి మిగతా భాషల్లోకి వచ్చేలోపే ఆఫీసు క్యాంటీన్‌లో లీకవుతుంది. దృశ్యం మలయాళంలో 2013 డిసెంబరులో వచ్చింది. మరుసటి ఏడాది కన్నడంలో, తెలుగులో వచ్చేసరికి మా టీమ్‌లోని మలయాళీ మిత్రుడు చారు అన్నం కలుపుకుంటూ కథంతా చెప్పేశాడు. అప్పుడు పళ్లు కొరుక్కున్నాను గానీ, తెలుగు దృశ్యంలో వెంకటేష్‌ను చూస్తుంటే ఒక సంగతి అర్థమైంది. ఏం జరిగిందో తెలిసినా ఊపిరి బిగబట్టే కూర్చున్నాను. ఎవరు చేశారన్నది అందులో ముందే తెలిసిపోతుంది. ఈ మనిషి పట్టుబడతాడా లేదా అన్నదే భయం. కన్నడంలో అదే పాత్ర రవిచంద్రన్ చేశారు. 1987 నాటి 'ప్రేమలోక' నుంచీ ఇక్కడివాళ్లకు ఆయన అంటే పూలు, పళ్లు, ప్రేమ పాటలు. అలాంటి మనిషి ఇద్దరు కూతుళ్ల తండ్రిగా మాసిన చొక్కాతో నిలబడటమే కన్నడ ప్రేక్షకులకు సగం మలుపు. నేను ఆ సినిమాను ఆంటీ వాళ్లతో మళ్లీ చూశాను, మూడోసారి కూడా చూడగలను.

అందుకే మలుపుల సినిమా గురించి ఎవరినైనా అడిగేటప్పుడు "ట్విస్ట్ బాగుందా?" అని అడక్కండి. "రెండోసారి చూస్తావా?" అని అడగండి. నీళ్లు నమిలితే ఆ సినిమాలో రహస్యం తప్ప ఇంకేం లేదని లెక్క. అలాంటిదాన్ని చూడాలనుకుంటే మొదటి రెండు రోజుల్లోనే చూసేయాలి, లేకపోతే వదిలేయాలి. మూడో రోజుకు ఫోన్‌లో ఎక్కడో ఒకచోట దాని ముగింపు కంటపడుతుంది.

గడిలో పడ్డ పెద్దవాళ్లు

సినిమావాళ్లు ఒక నటుణ్ణి ఒకే గడిలో ఎందుకు పెడతారన్నది పెద్ద మర్మమేం కాదు. ఆ పాత్రలో ఆయన ఒకసారి ఆడాడు, కొనేవాళ్లకు ధైర్యం, రాసేవాళ్లకు సుఖం. క్యారెక్టర్ నటులకు రోజుల లెక్కన పని. మూడు రోజుల కాల్‌షీట్‌లో కొత్త మనిషిని తయారుచేయడం కష్టం, పాత తండ్రినే మళ్లీ తొడుక్కోవడం సులువు. గుమ్మడి వెంకటేశ్వరరావు 1927లో పుట్టారు. ఎన్టీఆర్ కంటే, ఏఎన్నార్ కంటే చిన్నవారు. అయినా జీవితమంతా తెల్లజుట్టు విగ్గు పెట్టుకుని వాళ్లకు పెద్దదిక్కుగా నిలబడ్డారు. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడిగా గడ్డం పెట్టుకున్నప్పుడు ఎస్వీ రంగారావుకు ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు.

కానీ రంగారావును ఏ గడీ పూర్తిగా మింగలేదు. మాంత్రికుడు, ఘటోత్కచుడు, 1963లో నర్తనశాల కీచకుడు, వాటి పక్కనే మనసున్న జమీందారు తండ్రులు. కీచకుడికి ఇండోనేషియాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆయనలో నాకు నచ్చేది, మంచి తండ్రిగా ఉన్నప్పుడు కూడా ఎక్కడో ఆ కీచకుడి బరువు తెలుస్తూ ఉండటం. గొంతు కొంచెం పెంచితే ఇల్లు కూలుతుందేమో అనిపిస్తుంది.

ఇది మీరు ఈ రోజుల్లో చూడాలంటే ప్రకాష్ రాజ్‌ను చూడండి. ఆయన పుట్టింది ఈ బెంగళూరులోనే, కన్నడ నాటకాల్లోంచి వచ్చిన మనిషి, 1997లో కన్నడ 'నాగమండల'కు హీరో. మనకు మాత్రం 2003లో ఒక్కడు సినిమాలో ఓబుల్ రెడ్డి. మూడేళ్లకు బొమ్మరిల్లులో తండ్రి అయ్యారు. కొడుక్కి చొక్కా రంగు దగ్గర్నుంచి అన్నీ తానే ఎంచే తండ్రి. ఆ తండ్రి అరవడు, కత్తి పట్టడు, ప్రేమగానే ఉంటాడు. కానీ మనలో ఓబుల్ రెడ్డి ఇంకా పోలేదు కాబట్టి ఆ ప్రేమ చూస్తే భయమేస్తుంది. కథ సాఫీగా, మనం ఊహించినట్టే సాగే సినిమా అది. అందులో కొత్తదనమంతా ఆయన్ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టడంలో ఉంది. అదే సినిమాలో హీరోయిన్ తండ్రిగా కోట శ్రీనివాసరావు. 1985లో ప్రతిఘటన కాశయ్య, 1987లో అహ నా పెళ్లంట పిసినారి, తర్వాత గాయం రాజకీయ నాయకుడు. ఆ మొహం చూసి ఇతను మంచివాడా చెడ్డవాడా అని చెప్పగల మొనగాడు మా నాయనతో సహా ఎవరూ లేరు. 2025 జూలైలో కోట పోయినప్పుడు మా నాయన ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు, ఎక్కువగా అహ నా పెళ్లంట గురించే.

గడి దాటిన ఒక్క పాత్ర మిగతా అన్నిటినీ కొత్తగా చూపిస్తుంది. కైకాల సత్యనారాయణ విలన్‌గా స్థిరపడిపోయిన రోజుల్లో, 1973లో, కె. విశ్వనాథ్ ఆయన్ని శారద సినిమాలో చెల్లెలి కోసం కరిగిపోయే అన్నను చేశారు. మా అమ్మ ఆ సినిమా చూసి వచ్చాక చాలా రోజులు, ఆయన విలన్‌గా కొట్టే సీన్లు చూసినా "పాపం" అనేదట. మమ్ముట్టి లాంటి హీరోను 1992లో స్వాతికిరణంలో శిష్యుడి మీద అసూయతో రగిలే గురువుగా నిలబెట్టింది కూడా విశ్వనాథే. మమ్ముట్టి ఆ ధైర్యాన్ని వయసు పెరిగేకొద్దీ పెంచుకుంటూ పోయారు. డెబ్బై రెండేళ్లకు 2024లో భ్రమయుగం అనే నలుపు తెలుపు సినిమాలో పాచిపళ్లు బయటపెట్టి నవ్వారు. ఇక్కడ మల్టీప్లెక్సులో అది చూసి బయటికి వస్తూ మా అమ్మాయి, "మనవాళ్లు ఎందుకు చేయరు నాన్నా?" అంది. చేసేవాళ్లు లేరని కాదు. 2025లో 'కోర్ట్'లో శివాజీ వేసిన మంగపతిని చూశాక, ఈ మనిషిని ఇన్నేళ్లు ఎక్కడ పెట్టారని నాకే కోపం వచ్చింది.

అయితే ఒక గడి నుంచి బయటికి దూకినవాళ్లు తరచుగా పక్క గడిలోనే పడతారు. జగపతిబాబు 2014లో లెజెండ్‌లో విలన్‌గా వచ్చినప్పుడు థియేటర్‌లో నిజంగా గగుర్పాటు కలిగింది. శుభలగ్నం లాంటి సినిమాల్లో మెత్తని మనిషిగా కనిపించినాయన. ఆ తర్వాత చుట్ట, తెల్లజుట్టు, పంచె ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2018లో రంగస్థలంలో ప్రెసిడెంటుగా మాత్రం, గొంతు లేపకుండానే, మళ్లీ భయపెట్టారు. పాత హీరోను విలన్ చేయడం ఇప్పుడు అదే ఒక ఫార్ములా అయిపోయింది. 2021లో అఖండలో శ్రీకాంత్, 2025లో తమిళ సినిమా 'కూలీ'లో నాగార్జున. ఇకమీదట పోస్టర్ మీద "మొదటిసారి విలన్‌గా" అని కనిపిస్తే ఆ ఒక్క ముక్క చూసి టికెట్ తీయకండి. అతను విలన్‌గా ఏం చేస్తున్నాడో కూడా చూడండి.

ఆడవాళ్ల గడి ఇంకా ఇరుకు. నలభై దాటగానే హీరోకి అమ్మ, లేకపోతే అత్త. 2013లో నదియాకు మిర్చి, అత్తారింటికి దారేది రెండూ అవే. 1999లో నరసింహలో నీలాంబరిగా హీరోతో తలపడ్డ రమ్యకృష్ణకు అంత బరువున్న పాత్ర మళ్లీ శివగామి రూపంలో దొరకడానికి 2015 దాకా పట్టింది. ఆ మధ్య కాలంలో మనం ఎన్ని మంచి సినిమాలు పోగొట్టుకున్నామో.

ఎవరితో వెళ్తే ఏది

ఒక్కరే వెళ్తున్నారా? మలుపుల సినిమాకే వెళ్లండి. అదీ రాని భాషలో, ట్రైలర్ చూడకుండా. వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్లు మెట్రో ఎక్కితే ట్రాఫిక్ బాధ కూడా ఉండదు. ఇంట్లో ఓటీటీలో చూద్దామనుకుంటే థ్రిల్లర్ మాత్రం వద్దంటాను. చేతిలో ఫోన్, మధ్యలో కుక్కర్ విజిల్, సరిగ్గా ఆధారం కనిపించే సీన్‌లో ఎవరో తలుపు కొడతారు. ఇంటికి తెలిసిన కథే మేలు, మధ్యలో లేచి పప్పులో తాలింపు వేసి వచ్చినా నష్టం లేదు.

ఆఫీసు వాళ్లతో అయితే అన్ని భాషలవాళ్లు ఉంటారు. నవ్వించే తెలుగు సినిమాకు సబ్‌టైటిల్స్ న్యాయం చేయవు. మనం పగలబడి నవ్వుతుంటే పక్కన బెంగాలీ కుర్రాడు మన మొహాలు చూస్తాడు. అక్కడ కూడా థ్రిల్లరే. అనుమానించడానికి భాష అక్కర్లేదు.

పెద్ద హీరో సినిమా, కథ పోస్టర్ మీదే తెలిసిపోతోంది, అయినా చూడాలనుందా? అయితే మల్టీప్లెక్సు వద్దు. లాల్‌బాగ్ దగ్గర ఊర్వశికో, మడివాళ సంధ్యకో మొదటి వారంలో వెళ్లండి. అలాంటి సినిమాకు పక్కవాడి ఈల కూడా టికెట్‌లో భాగమే. మూడో వారం ఖాళీ హాల్లో చూస్తే పెళ్లయిపోయాక మండపానికి వెళ్లినట్టుంటుంది. చిన్నపిల్లలుంటే సర్టిఫికెట్ చూసుకోండి, ఇప్పుడు యూఏలోనే 7, 13, 16 ఏళ్లని విడదీసి వేస్తున్నారు. థ్రిల్లర్లకు ఆ అంకె చూడటం మంచిది.

అమ్మానాన్నలతో వెళ్లేటప్పుడే నిజమైన చిక్కు. మామూలుగా అందరూ పెద్దవాళ్లకు తెలిసిన కథే నచ్చుతుందని అటు తీసుకెళ్తారు. నా అనుభవంలో అది సగమే నిజం. వాళ్లకు కావలసింది తెలిసిన మొహం. కథ ఎటు పోయినా సర్దుకుంటారు. నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి వాళ్లు ఎప్పుడూ చూడనిది ఏదైనా చేస్తే, ఏ మలుపూ ఇవ్వలేనంత దెబ్బ వాళ్లకు తగులుతుంది. కొత్తవాళ్లతో తీసిన థ్రిల్లర్ మా అమ్మాయికి. పాతవాళ్లు కొత్త వేషం కట్టిన సినిమా మా నాయనకి.

2023 ఉగాదికి ఆయన ఇక్కడే ఉన్నాడు. ఆ రోజే రంగమార్తాండ విడుదల. మరాఠీ నటసామ్రాట్‌కు కృష్ణవంశీ చేసిన రీమేక్. ముసలి రంగస్థల నటుడు, పిల్లలు, ఆస్తి పంపకం. కథ ఎటు పోతుందో పది నిమిషాల్లో ఎవరైనా చెప్పేస్తారు. ప్రకాష్ రాజ్ ఉన్నారని నేను టికెట్లు తీశాను. ఆయన స్నేహితుడిగా బ్రహ్మానందం తెర మీదికి రాగానే హాల్లో అక్కడక్కడా నవ్వులు మొదలయ్యాయి, ఆయన ఇంకా నోరు తెరవకుండానే. మా నాయన అలవాటు ప్రకారం నా చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడు నవ్విస్తాడు చూడు" అన్నాడు.

ఆసుపత్రి సీన్ వచ్చింది. హాల్లో ఎవరూ నవ్వడం లేదు. మా నాయన మళ్లీ నా వైపు వంగలేదు. పక్కకు చూస్తే కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటున్నాడు.

బయటికొచ్చి పార్కింగ్‌లో నేను కారు తీస్తుంటే తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఇంత పెట్టుకోని, ఇన్నేండ్లూ మమ్మల్ని ఉత్తగా నవ్విస్తా కూర్చున్నాడ్రా వాడు" అన్నాడు.